ప్లేటు మీద 'మాస్టర్' అని ఉంటే

విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇల్లు పడగొడుతున్నారంటే అటక మీంచి దిగిన సామానులో ఇత్తడి బిందెలకే ముందు బేరం తెగుతుంది. గ్రామఫోన్ ప్లేట్లు తడిసిన అట్టపెట్టెతో సహా మూలన మిగిలిపోతాయి. వాటిలో పేరు ముందు 'మాస్టర్', 'బేబీ', 'కుమారి' అని అచ్చయినవి ఉంటే పక్కన పెట్టండి, అవి చిన్నపిల్లలు పాడినవి. 'మిస్' అని ఉంటే మాత్రం తొందరపడకండి, దాన్ని పెద్దవాళ్లకీ వేసేవారు.

ముందు కడగాలి. మన సముద్రపు తేమకి గాళ్లలో బూజు పట్టేసి ఉంటుంది. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంటే గుండ్రంగా తుడవాలి. లేబుల్ తడవకూడదు. స్పిరిట్, శానిటైజర్ అసలు ముట్టించొద్దు. ప్లేటులో ఉన్నది లక్క. వడ్రంగి పాలిష్ కోసం లక్కని కరిగించేది స్పిరిట్‌లోనే కదా! ఎండలో ఆరబెడితే అప్పడంలా వంగిపోతుంది. ఫ్యాను కింద నిలబెట్టి ఆరనివ్వండి.

ముల్లు సంగతి. ఎల్పీ (తర్వాత వచ్చిన వినైల్ ప్లేటు) ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఈ ప్లేట్లకి 70, 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నముల్లు పెడితే గాడి అడుగున ఉన్న చెత్తలో గీసుకుంటూ పోతుంది. ఆ బుసలో పసిగొంతు పైస్థాయి సగం మునిగిపోతుంది. కీ ఇచ్చే గ్రామఫోన్ పెట్టెలోనే వింటానంటే ఇనప ముల్లు ఒక్కో వైపుకి ఒక్కటి చొప్పున మార్చాలి, పొదుపు చేస్తే పోయేది ప్లేటే.

అందరూ బోల్తాపడేది వేగం దగ్గర. 1925కి ముందు మైకు లేకుండా బూరలోకి పాడి చేసిన రికార్డులు నిమిషానికి 78 చుట్ల వేగం మీదే ఉండాలని లేదు, డెబ్బై నుంచి ఎనభై పైదాకా ఎక్కడైనా ఉండొచ్చు. సుమారు ఆరు శాతం తేడా వస్తే అర శ్రుతి (హార్మోనియం మీద ఒక మెట్టు) మారుతుంది. 78లో ఐదున్నర శ్రుతి పలికిన ప్లేటు అసలు 73.6లో రికార్డయిందనుకోండి, ఆ మనిషి పాడింది ఐదుకి. చిన్నపిల్ల అనుకున్న గొంతు ఇలా పెద్దావిడది అయ్యే ప్రమాదం ఉంది. పాట వెనక హార్మోనియం వినిపిస్తుంటే మీ హార్మోనియం మెట్లతో కలిపి చూడండి. రెండు మెట్ల మధ్యన పడితే వేగాన్ని అనుమానించాలి (ఆ పాత హార్మోనియమే వేరే శ్రుతిలో ఉందేమో కూడా ఆలోచించాలి). ఇక తిరుగుడు సరిగ్గా 78 ఉందో లేదో తెలియాలంటే గుండ్రటి కాగితం అంచున సమాన దూరంలో 77 గీతలు గీసి తిరిగే పళ్లెం మీద పెట్టండి. మన 50 సైకిళ్ల కరెంటుతో వెలిగే దీపం కింద ఆ గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపించాలి. ఎల్ఈడీ బల్బు కింద నిలవకపోవచ్చు, చోకు ఉన్న పాత ట్యూబులైటు వెతుక్కోండి. 78 తిప్పే మిషనే లేకపోతే 45లో ఎక్కించి కంప్యూటర్లో వేగం 73.33 శాతం పెంచితే సరిపోతుంది.

తర్వాత లేబుల్ చుట్టూ నున్నగా ఉన్న చోట నొక్కిన నంబరు చూడండి. అది కంపెనీ అమ్మకానికి వేసుకున్న కేటలాగు నంబరు కాదు, ఆ రికార్డింగుదే. కంపెనీ కొత్త లేబుల్ వేసి పాతదాన్నే మళ్లీ అమ్మి ఉంటే ఈ నంబరు పట్టిస్తుంది. లేకపోతే పదేళ్ల తర్వాత కూడా ఆ పిల్లవాడు అదే గొంతుతో పాడుతున్నాడని రాసేస్తారు.

గొంతు మగపిల్లల్ని వదిలేస్తుంది, ఆడపిల్లల్ని ఇల్లు ఆపేస్తుంది. ఆ కాలం పిల్లల జీవితాల్లో పదేపదే కనిపించేది ఇదే. 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావునే చూడండి. అప్పుడది ఉమ్మడి విశాఖ జిల్లా. పదేళ్లు దాటీదాటగానే ప్లేట్లిచ్చి, 1935లో 'శ్రీకృష్ణలీలలు' సినిమాలో కృష్ణుడు వేశారు. గొంతు మారే వయసు దాటాక కూడా లలితగీతాలు పాడారుగానీ, నిలబెట్టింది స్వరరచనే. 'మల్లీశ్వరి' బాణీలు విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయనతో యుగళగీతాలు పాడిన రావు బాలసరస్వతీదేవి తొలి ప్లేటు ఆరేళ్లకే ఇచ్చారు, 1936లో 'సతీ అనసూయ'లో నటించారు. 1944లో కోలంక రాజావారితో పెళ్లయ్యాక సినిమా పాట తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోయింది. గొంతు బాగున్న రోజులవి. ఆవిడ 2025 దాకా జీవించారు. పదేళ్లకే 1926లో రికార్డిచ్చి 1997 దాకా కచేరీలు చేసిన ఎం.ఎస్. సుబ్బలక్ష్మి లాంటివాళ్లు అరుదు. పంజాబు పిల్లవాడు మాస్టర్ మదన్ అయితే 1942లో పద్నాలుగేళ్లకే పోయాడు, మిగిలింది ఎనిమిది పాటలు.

ఇలా పేరు తెచ్చుకోని పిల్లల ప్లేట్లే ఎక్కువ కష్టం. ప్లేటు కవరు పారేసేముందు దాని మీద కొట్టు ముద్ర, సిరాతో రాసిన తేదీ ఉంటే ఫొటో తీసుకోండి. పత్రికల్లో ప్రకటనలు చూశాక రేడియో వైపు వెళ్లండి: మద్రాసు కేంద్రం 1938, విజయవాడ 1948, మన విశాఖ 1963. ముప్ఫైల్లో పాడిన పిల్లలు విశాఖ కేంద్రం మొదలయ్యే నాటికి నలభైకి అటూ ఇటూ ఉంటారు. కార్యక్రమాల పట్టికలో 'మాస్టర్' కోసం వెతికితే దొరకరు. ఇంటిపేరుతో, పక్కవాద్యాల వరసలో హార్మోనియం పక్కనో వయొలిన్ పక్కనో చూడండి. ఆడపిల్లలకైతే 'కుమారి' తీసేసి, 'శ్రీమతి' పెట్టి, ఇంటిపేరు మారి ఉంటుందనుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగెయ్యాలి.