వేళాంగణి ఇసుకలో

శనివారం పొద్దున వేళాంగణి నుంచి ఇల్లు చేరినాం, తమిళనాడులో సముద్రం ఒడ్డున ఆరోగ్యమాత అని పిలుచుకునే మరియమాత గుడి ఉండే ఊరు అది. ఈరోజు సోమవారం, మోకాళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు, అయినా కూర్చుని రాసేస్తున్నా. ఇంకో వారం పోతే వంట, ఇల్లు, పిల్లోడి ఫోన్లు వీటిల్లో పడిపోతా, ఈ తడి ఆరిపోతుందని భయం.

మొక్కు ఎట్ల పుట్టిందో ముందు చెప్పాలి. మాది చిత్తూరు. మా ఆయన ఆర్టీసీలో డ్రైవర్, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. జనవరిలో గుండెకి బైపాస్ చేసినారు, వేలూరులో. థియేటర్ బయట కూర్చున్నంతసేపూ నా చేతిలో జపమాల, ఒళ్ళో ఫైలు. నిజం చెప్తున్నా, జపమాల కంటే ఫైలునే గట్టిగా పట్టుకున్నా. ఈసీజీలు, ఎకోలు, బిల్లులు అన్నీ తేదీల వరసలో పెట్టుకుని, లోపల్నుంచి ఎవరు వచ్చి ఏ కాగితం అడిగినా వెంటనే తీసి ఇవ్వాలని. మధ్యలో ఎప్పుడో నోట్లోంచి వచ్చేసింది, అమ్మా ఆరోగ్యమాతా, ఈయన్ని ఇంటికి పంపిస్తే నీ గుడి కాడ ఇసుకలో మోకాళ్ళ మీద వస్తానమ్మా అని.

ఇంటికొచ్చినాడు. నడిచే వచ్చినాడు, దేవుడికి స్తోత్రం.

కానీ ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నేను బతికిన తీరు గురించి ఇప్పుడు ఆలోచిస్తే దిగులేస్తుంది. మాత్రల డబ్బా, వారానికి ఏడు గళ్ళు ఉంటాయే అది, నా దగ్గరే. కూరలో ఉప్పు నా లెక్క, నడక నా లెక్క, ఎవరైనా చూడటానికి వస్తే పది నిమిషాలకి పంపించేయడం కూడా నేనే. రాత్రి రెండింటికి లేచి ముక్కు కాడ వేలు పెట్టి చూసేదాన్ని. ఒకరోజు ఆయన మెల్లగా అన్నాడు, "ఆపరేషన్ చేసినోళ్ళు కూడా నన్ను వదిలేసినారు, నువ్వే ఇంకా వదల్లేదు" అని. నాకు కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

ప్రార్థన కూడా అట్లే ఉండేది. షుగర్ తగ్గాల, రిపోర్టు బాగా రావాల, పిల్లోడికి ఉద్యోగం బెంగుళూరులోనే రావాల, అంతకంటే దూరం పోకూడదు, అది కూడా దీపావళి లోపల అయిపోవాల. ఏది, ఎప్పుడు, ఎట్ల అన్నీ నేనే చెప్పేసి ఆఖర్లో నీ చిత్తం నెరవేరును గాక అనేదాన్ని. నోటికి అలవాటైన మాట కదా, దానంతట అదే వచ్చేస్తుంది.

ఆగస్టు 29న పండగ జెండా ఎక్కితే సెప్టెంబర్ 8 మరియమాత పుట్టినరోజు పండగ దాకా వేళాంగణిలో జనం గురించి చెప్పాల్సిన పనిలేదు. ఆ రోజుల్లో వద్దు, అక్టోబరులో పోదాం అన్నా నేను. మా ఆయన వినలేదు, మొక్కు మొక్కే, పండగలోనే పోదాం అన్నాడు. పక్కింటక్క వాళ్ళు వెంకన్నస్వామి భక్తులు, ఆమె వచ్చి 101 రూపాయలు చేతిలో పెట్టి మా ఆయన పేరున కొవ్వొత్తి వెలిగించమనింది. ఆపరేషన్ రోజు ఆమె కూడా పస్తు ఉన్నిందని అప్పుడే తెలిసింది నాకు.

దారి గురించి ఏమి రాసేది, రాత్రంతా బస్సే. ఒక్కటి మాత్రం చెప్పాల. మా ఆయన ఇన్నేళ్ళు స్టీరింగ్ పట్టుకున్న మనిషి, ఆ రాత్రి ఎవరో ముక్కూమొహం తెలీని డ్రైవర్ తోలతా ఉంటే సీట్లో తల వాల్చి హాయిగా నిద్రపోయినాడు. నేను తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని రోడ్డు చూస్తానే ఉన్నా. ఎదురుగా లారీ వస్తే నా కాలు దానంతట అదే కింద నొక్కేది. తెల్లారేటప్పుడు కిటికీలోంచి చూస్తే కాషాయం కట్టుకుని గుంపులు గుంపులుగా నడిచిపోతున్నారు, ముందర మాత బొమ్మ పెట్టిన చిన్న బండి. మా చిత్తూరు రోడ్డు మీద పసుపు బట్టలతో గోవిందా అంటా తిరుమలకి నడిచిపోయే తమిళోళ్ళని చిన్నప్పట్నుంచి చూస్తున్నా, మా అమ్మ వాళ్ళకి మజ్జిగ పోసేది. అదే నడక, అవే పగిలిన పాదాలు. కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి.

ఊళ్ళో దిగినాక మాత్రం భక్తి కాస్త పక్కకి పోయింది, దాచడమెందుకు. పండగ రేటు అని లాడ్జి గదికి మామూలు రోజులకి మూడింతలు అడిగినారు, బాత్రూముల కాడ గంట క్యూ, మైకుల మోత. గుండె ఆపరేషన్ అయిన మనిషి అని చెప్తున్నా వినకుండా మోచేతులతో తోసుకుంటా పోతున్నారు. అమ్మ దగ్గరికి వచ్చి కూడా ఒకరి మీద ఒకరికి ఇంత కనికరం లేకపోతే ఎట్లా?

మోకాళ్ళ మొక్కు గురువారం. మా ఆయన్ని ఇసుక దారి మొదట్లో నీడకి కూర్చోబెట్టినా. ఇక్కడ్నుంచి కదలద్దు, అక్కడ మాత కొలను దాకా పోయి నేనే వచ్చి తీసుకుపోతా, అన్నా. ఫోన్లు, బ్యాగు అన్నీ ఆయన కాడే. పదకొండు దాటింది. సెప్టెంబరే అయినా ఆ ఎండకి ఇసుక పెనం లాగా ఉండాది. చూస్తే చిన్న దూరమే, కాళ్ళతో పోయేవాళ్ళకి. చీర మడిచి మోకాళ్ళ కింద పెట్టుకుంటే జారిపోతుంది, జారినప్పుడల్లా చర్మం మంట. నా ముందర ఒకమ్మాయి చంటిపిల్లని చంకలో పెట్టుకుని పోతా ఉంది, ఆ పిల్ల నన్నే చూస్తా ఉంది.

గురువారం కాబట్టి జపమాలలో వెలుగు దేవరహస్యాలు, యేసు జీవితంలోని ఐదు ఘట్టాలు తలుచుకుంటా చెప్పుకునేవి. రెండోది, యేసు నీళ్ళని ద్రాక్షారసం చేసిన కానా ఊరి పెళ్ళి, మొదలు పెట్టి ఊరికే వెనక్కి తిరిగి చూసినా. కూర్చోబెట్టిన చోట ఆయన లేడు.

లేచి పరిగెత్తాలనిపించింది. లేస్తే మొక్కు సగంలో పోతుంది, లేవకపోతే ఆయన యాడున్నాడో, కళ్ళు తిరిగి పడిపోయినాడేమో, మధ్యాహ్నం మాత్ర టైం కూడా దగ్గర పడింది. మోకాళ్ళ మీదే నిలబడి చుట్టూ చూస్తా ఉంటే ఊపిరి ఆడలేదు. అప్పుడు పక్కన నీళ్ళు పడిన చప్పుడు. ఒక ముసలామె, నల్లగా సన్నగా, ముదురాకుపచ్చ చీర, చేతిలో ప్లాస్టిక్ బిందె. నా ముందర ఇసుక మీద నీళ్ళు పోస్తా ఉంది. నేను అడగలేదు. మా చిత్తూరోళ్ళకి అరవం ఎంతో కొంత వస్తుంది కదా, వచ్చిన కాడికి చెప్పినా, మా ఆయన కనపడలేదమ్మా, గుండె జబ్బు మనిషి అని. ఆమె నా వెనక చూడలేదు, అటూఇటూ వెతకలేదు. ఇంకో రెండడుగుల మేర నీళ్ళు పోసి, "నీ పో మా, అవర్ వరువారు" అనింది. నువ్వు పోమ్మా, ఆయన వస్తాడు. అంతే.

ఆ తడి ఇసుక మీద మోకాలు పెట్టినప్పుడు తగిలిన చల్లదనం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

ఎక్కడ ఆగిపోయిందో అక్కడ్నుంచే జపమాల పట్టుకున్నా. కానా పెళ్ళి. చిన్నప్పట్నుంచి వేల సార్లు విన్న కథ, ఆ రోజే తట్టింది. మరియమ్మ ఏమనింది? వాళ్ళకి ద్రాక్షారసం అయిపోయింది, అంతే అనింది. యాడ్నుంచి తేవాలో, ఎన్ని బానలు కావాలో, ఎప్పటిలోగా కావాలో కొడుకుకి చెప్పలేదు. లేనిది చెప్పింది, ఆయన ఏం చెప్తే అది చేయండని పనోళ్ళతో అనింది, ఊరుకుంది. ఇన్నేళ్ళు నేను ప్రార్థన పేరుతో దేవుడికి పురమాయింపులు చేస్తా ఉన్నా. అప్పుడు మొట్టమొదటిసారి నేనూ అట్లే చెప్పినా, అమ్మా, ఆయన కనపడ్డం లేదు. ఇంకొక్క మాట కలపలేదు. కలపాలని నాలుక దాకా వచ్చింది, మింగేసినా. ఆమె నీళ్ళు పోస్తా ఉంది, నేను పోతా ఉన్నా. మధ్యలో బిందె అయిపోతే పోయి నింపుకుని మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు.

కొలను కాడికి చేరేసరికి మెట్ల పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు. దారి పక్కనే మెల్లగా నడుచుకుంటా నాకంటే ముందే వచ్చేసినాడు. "నువ్వు వస్తా ఉంటే ఎదురుగా కూర్చుని చూద్దామని" అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేక మాత్రా మాత్రా అంటున్నా. "రెండిడ్లీ తిని వేసుకున్నా మే, నీ బ్యాగులోదే తీసుకున్నా" అన్నాడు, ఎండలో పడి వచ్చినదాన్ని నన్ను ఓదారుస్తా. వెనక్కి తిరిగి చూస్తే ముసలామె లేదు, ఇంకెవరి ముందరో నీళ్ళు పోస్తా దూరంగా ఉంది.

సాయంత్రం గుళ్ళో దర్శనం. రెండు గంటలు నిలబడితే అమ్మ ముందర నిలిచింది పది సెకన్లు కూడా కాదు. తెల్ల చీర, బంగారు అంచు, చేతిలో బాలయేసు. తుఫానులోంచి బయటపడిన పోర్చుగీసు నావికులు తెచ్చిచ్చిన పింగాణీ పళ్ళేలు చూడాలనుకున్నా, ముందున్న వాళ్ళందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తా ఉంటే ఏం కనపడుతుంది. అమ్మ ముఖం మాత్రం రెండు ఫోన్ల సందులోంచి కనపడింది, నాకు చాలు. ఏమీ అడగాలనిపించలేదు.

శుక్రవారం సముద్రం ఒడ్డున ఆ ముసలామె మళ్ళీ కనపడింది, కొవ్వొత్తులు అమ్ముకుంటా. పక్కింటక్క 101 రూపాయలకి ఆమె కాడే కొన్నా. చేతులు పట్టుకుని, మీ ఇంట్లో ఎంతమందమ్మా అని అడిగినా. ఆమె సముద్రం వైపు చూపించి రెండు వేళ్ళు ఎత్తింది, "సునామీ" అనింది. 2004 డిసెంబర్ 26, క్రిస్మస్ మరునాడు, ఆదివారం. ఆ ఒడ్డునే వందల మంది పోయినారు, మాలాగ మొక్కులకి వచ్చినోళ్ళు ఎంతమందో. గుళ్ళోకి మాత్రం నీళ్ళు రాలేదని అందరూ చెప్తారు, ఒడ్డున ఉన్నోళ్ళ సంగతి తలుచుకుంటే ఆ మాట నా గొంతు దిగదు. నమ్ముకుంటే అంతా మనం కోరినట్టే అవుతుందని నేను రాయలేను. మా ఆయన నాకు దక్కినాడు, ఆమె వాళ్ళు దక్కలేదు. ఆమె రోజూ ఆ గుడి కాడే ఉంది, ఎవరి మోకాళ్ళ కిందో నీళ్ళు పోస్తా. ఇది నాకు అర్థం కాలేదు, అర్థమైందని చెప్పను. ఆమె చేతులు కళ్ళకద్దుకుని వచ్చేసినా.

ఇంటికి రాగానే మాత్రల డబ్బా ఆయన చేతికే ఇచ్చేసినా. ఇప్పుడది టీవీ పక్కన, ఆయన వైపు ఉండాది. నిన్న ఆదివారం పూజ నుంచి వచ్చి వంటింట్లోకి పోతా ఉంటే ఆ డబ్బా కనపడింది, ఆదివారం గడి ఖాళీ అయిందో లేదో మూత తీసి చూడాలని చెయ్యి దాని మీద దాకా పోయింది. ఆయన వరండాలో ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతా మాట్లాడతా ఉన్నాడు. అమ్మా, మాత్ర వేసుకున్నాడో లేదో నాకు తెలీదమ్మా అని చెప్పుకుని, చెయ్యి తీసేసి, బియ్యం కడగడానికి పోయినా.