థీసిస్ విషయసూచిక: నా అనుభవం

నిన్న సాయంత్రం పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాను. రసీదు చేతికొచ్చింది కానీ కోపం ఇంకా తగ్గలేదు.

టైపింగ్, ప్రూఫులు, గైడ్ గారి సంతకం సాఫీగానే అయిపోయాయి. చిక్కంతా విషయసూచికతోనే. గుంటూరు అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌కి ఇస్తే, అతను అధ్యాయాల పేర్ల పక్కన వరసగా చుక్కలు కొట్టి, పేజీ నంబర్లు చేత్తో టైప్ చేశాడు. తర్వాత గైడ్ గారు రెండో అధ్యాయంలో ఒక పట్టిక చేర్చమన్నారు. పేజీలు ముందుకు జరిగాయి, సూచికలో నంబర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి.

యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా అది పట్టుకున్నాడు. "ఏమ్మా, నాలుగో అధ్యాయం 112లో అని వేశారు, ఇక్కడ చూస్తే మూడోదే అవలేదు. డాక్టరేట్ చేసేవాళ్ళకి పేజీలు లెక్కపెట్టడం రాదా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. లైన్లో నా జూనియర్లున్నారు. వాళ్ళు నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. తప్పు చూపించడం అతని ఉద్యోగం, సరే. నలుగురిలో ఒక మనిషి పరువు తీయమని ఏ రూల్‌లో ఉంది? బైండింగ్ చేయించిన కాపీలన్నీ వృథా. డీటీపీ అతనైతే, మళ్ళీ చేయాలంటే పేజీకి ఇంత అని రేటు చెప్పాడు!

ఇక ఇంట్లో నేనే కూర్చున్నాను. వర్డ్‌లో అధ్యాయం పేరుకి హెడింగ్ 1, లోపలి శీర్షికలకి హెడింగ్ 2 స్టైల్ ఇచ్చి, పైన రిఫరెన్సెస్ ట్యాబ్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కితే సూచిక దానంతటదే వచ్చేసింది. పేజీలు జరిగినప్పుడు దాని మీద క్లిక్ చేసి ఎఫ్9 కొట్టి, అప్‌డేట్ ఎంటైర్ టేబుల్ అంటే చాలు. ఇంత తేలికైన పనికి డబ్బులు తీసుకుని చుక్కలు కొడతారా?

నన్ను ఏడిపించింది తెలుగు ఫాంట్. హెడింగ్ స్టైల్‌లో మండలి ఫాంట్, సైజు 16 పెట్టినా ఇంగ్లిష్ అక్షరాలే మారాయి, తెలుగు కదల్లేదు. వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద, అంటే అక్షరాలు కలిసి ఆకారం మారే లిపుల్లో, లెక్కేస్తుంది. స్టైల్‌ని మోడిఫై చేసేటప్పుడు ఫార్మాట్‌లో ఫాంట్ తెరిస్తే, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని విడిగా ఉంటుంది. ఫాంట్, సైజు, బోల్డ్ అక్కడ మార్చాలి. ఇది మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరూ నన్నే అడుగుతున్నారు.

ఇంకో చిక్కు: 1 కొట్టి చుక్క, స్పేస్ పెట్టగానే వర్డ్ దాన్ని జాబితాగా మార్చేస్తే, వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టండి. మీరు టైప్ చేసింది అలాగే ఉంటుంది, జాబితా ఒక్కటే పోతుంది. ప్రింట్‌కి మాత్రం వర్డ్ ఫైల్ ఇవ్వొద్దు, పీడీఎఫ్ ఇవ్వండి. షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే పేజీలు మళ్ళీ జరుగుతాయి.