మిద్దె మీద ఉప్పు సరస్సు: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు టాపిక్ రాసిస్తే మా గైడ్ సార్ కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. "ఏమ్మా, అనంతపురంలో మంచినీళ్ల చెరువులే ఎండిపోతాంటే నీకు ఉప్పు సరస్సు యాడ దొరుకుతాది?" అన్నారు. నా క్లాసులో మిగతావాళ్లు చెరువు నీళ్లు, పట్టుపురుగులు, వానపాములు తీసుకున్నారు. అవన్నీ మన చుట్టుపక్కల ఉండేవే. నేను మాత్రం ఉప్పు సరస్సులో సూక్ష్మజీవుల మీద ఆహార జాలకం ఎలా నిలబడుతుందో చూస్తానని పట్టుబట్టాను.

దానికి కారణం ఒక రేకు డబ్బా. మా పెద్దమ్మ కొడుకు నెల్లూరు తీరంలో ఒక రొయ్యల హేచరీలో పని చేస్తాడు. రొయ్య పిల్లలకు చిన్నప్పుడు పెట్టే మేత ఆర్టీమియా, రొయ్యకు దూరపు చుట్టమైన ఒక చిన్న ఉప్పునీటి జీవి. దాని గుడ్లు ఎండబెట్టి డబ్బాల్లో అమ్ముతారు, చూడ్డానికి కాఫీ పొడే. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్న ఒక డబ్బా చూపించాడు. అందులోవి అమెరికాలో ఉటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి తీసిన గుడ్లు. మన కోస్తాలో రొయ్య పెరగడానికి అక్కడి ఉప్పు సరస్సు మేత పంపుతోంది. మరి ఆ సరస్సులో ఈ ఆర్టీమియాకు మేత ఎవరు పెడతారు? అన్నను అడిగితే "ఏదో పాచి తింటాదిలే పాపా" అని తేల్చేశాడు. ఆ పాచి సంగతే నాకు కావాల్సింది.

చదివితే తెలిసిందేమంటే, సరస్సులో నదుల నీళ్లు కలిసే చోట్ల తప్ప చేపలు బతకవు, ఉప్పు అంత ఎక్కువ. అందుకని అక్కడి ఆహార గొలుసు చాలా పొట్టిది. నీళ్లలో ఒంటికణపు ఆల్గే, దాన్ని తినే ఆర్టీమియా, ఆర్టీమియాను తినే పక్షులు. అడుగున ఇంకో దారి ఉంది. సయనోబ్యాక్టీరియా, అంటే ఎండతో తిండి తయారు చేసుకునే బ్యాక్టీరియా, జిగురు పొరలు కట్టి, వాటి మీద సున్నం పేరుకుని, రాళ్ల దిబ్బల్లాగా పెరుగుతాయి. వీటిని మైక్రోబియలైట్లు అంటారు. ఆ దిబ్బల మీద పొరను ఉప్పు ఈగల పిల్లపురుగులు గీక్కుని తింటాయి, ఈగల్ని పక్షులు తింటాయి. శరత్కాలంలో గ్రీబ్ పక్షులు లక్షల్లో దిగి, ముందుకు ఎగిరిపోయే ముందు ఆర్టీమియా తిని కొవ్వు పట్టించుకుంటాయి. గొలుసు పొట్టిది కాబట్టి ఒక మెట్టు కదిలితే దాని బదులు నిలబడేది ఇంకోటి లేదు. అది నాకు బాగా పట్టుకుంది.

సార్ చివరికి ఒప్పుకున్నారు గానీ రెండు షరతులు పెట్టారు. ఇంట్లోనే చేసుకో, కాలేజీ ల్యాబ్ లో ఉప్పు నీళ్లు ఒలకబోయొద్దు. మన దేశం ఉదాహరణ లేకుండా థీసిస్ తేవద్దు.

మా ఇంటి మిద్దె మీద ఒక కొట్టం ఉంది. అక్కడ మూడు యాభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు పెట్టాను. బోరు నీళ్లు వాడలేదు, మా వైపు ఫ్లోరైడ్ ఎక్కువ. క్యాన్ నీళ్లు పోశాను. ఉప్పు కోసం పాతూరు పోయి రాళ్లుప్పు కేజీల్లెక్కన అడిగితే అంగడాయన "ఊరగాయల కాలం ఇంకా రాలేదు గదమ్మా" అన్నాడు. ప్యాకెట్లో వచ్చే మెత్తటి అయోడిన్ ఉప్పు ఈ పనికి అంత మంచిది కాదు. అందులో గడ్డ కట్టకుండా కలిపే మందు ఉంటుంది. పైగా రాళ్లుప్పులో ఇంకో సరుకు కూడా వస్తుంది, దాని సంగతి తర్వాత. వట్టి ఉప్పు కలిపినంత మాత్రాన సరస్సు నీళ్లు కావు, మెగ్నీషియం, సల్ఫేట్ కావాలి. ఎరువుల అంగట్లో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ కొంచెం, పీహెచ్ 8 పైన ఉండేట్టు వంటసోడా కొంచెం వేశాను. ఉప్పు నూటికి ఎనిమిది పాళ్లు. అన్న దగ్గర ఉప్పు శాతం కొలిచే పాత సెలైనిటీ మీటర్ ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఆ మీటర్ లేకపోతే ఈ ప్రాజెక్టే లేదు.

ఆల్గేకు డునాలియెల్లా అనే జాతి కావాలి. సార్ చెన్నైలో ఒక ల్యాబ్ కు ఉత్తరం రాస్తే చిన్న సీసాలో బస్సు పార్సిల్లో వచ్చింది. లేతాకుపచ్చ నీళ్లు, అడుగున కొంచెం మడ్డి. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్కో కణానికి రెండు తోకలు, ఊరికే ఉండదు, తిరుగుతూనే ఉంటుంది. దానికి గట్టి కణకవచం లేదు. మరి అంత ఉప్పులో నీళ్లు పీల్చుకుపోయి ముడుచుకుపోవాలి కదా? లోపల గ్లిజరాల్ తయారు చేసుకుని బయటి ఉప్పుకు సమానంగా నిలబడుతుంది. ఉప్పు పెరిగితే గ్లిజరాల్ పెంచుతుంది. ఆ గ్లిజరాల్ కొంత బయటికి కారుతుంది, కణం చచ్చినా నీళ్లలో కలుస్తుంది, దాన్ని తిని ఇంకొన్ని సూక్ష్మజీవులు బతుకుతాయి.

చిటికెడు ఎరువు వేసి రెండు టబ్బుల్లో ఆల్గే పోశాను. మూడోదాంట్లో ఆల్గే లేదు, దానికి తవుడు పెట్టాలని ప్లాన్. రెండు వారాలు తిరిగేసరికి మొదటి రెండూ చిక్కటి ఆకుపచ్చ. టబ్బు అడుగు కనపడటం మానేసింది.

గుడ్లు పొదిగించడం మాత్రం చాలా తేలిక. క్యాన్ నీళ్లలో నూటికి మూడు పాళ్లు ఉప్పు, అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన కూల్ డ్రింక్ సీసా, నీళ్లలోకి గాలి ఊదే ఏరేటర్ పైపు, పక్కన ట్యూబ్ లైటు. మర్నాడు సాయంత్రానికి సీసాలో నారింజ రంగు మబ్బు. గాలి ఆపితే పెంకులు పైకి తేలాయి, పిల్లలు కిందికి, వెలుగున్న వైపుకి చేరాయి. సన్నటి పైపుతో లాగేశాను. మొదటిరోజు పిల్లకు నోరు తెరుచుకోదు, లోపలి సొనతోనే గడుపుతుంది. రెండోరోజు నుంచి తినడం మొదలు. ఆల్గే టబ్బులోంచి ఒకదాన్ని తీసి గాజు పలక మీద పెట్టి చూశాను. ఒళ్లంతా అద్దం, మధ్యలో ఒకే ఒక ఎర్ర కన్ను, దాని వెనక నిలువుగా ఆకుపచ్చ గీత. అది పేగు. నేను పోసిన ఆల్గే అందులో కనబడుతోంది. అమ్మను కేకేసి చూపిస్తే "ఇంత ఉప్పులో ఎట్ల బతుకుతాదే ఇది" అని చాలాసేపు కన్ను తీయలేదు.

పిల్లలు పెరిగేకొద్దీ నీళ్లు పలచబడ్డాయి. ఒక సెంటీమీటరు సైజుకొచ్చి జతలు కట్టే సమయానికి మొదటి టబ్బు అడుగు మళ్లీ కనబడింది. ఆర్టీమియా వెల్లకిలా ఈదుతూ, కాళ్లతో నీళ్లు తోడుతూ, దొరికిందల్లా వడకట్టుకుంటుంది. గ్రేట్ సాల్ట్ లేక్ లోనూ ఇదే జరుగుతుంది. చలికాలంలో ఆర్టీమియా చచ్చిపోయి ఆల్గే చిక్కబడుతుంది, వసంతంలో గుడ్లు పొదిగి వేసవి మొదట్లో నీళ్లు తేటబడతాయి. తేట నీళ్లు అంటే ఖాళీ నీళ్లని నేను అనుకునేదాన్ని. అన్న ఇచ్చిన అమోనియా కిట్ తో పరీక్షిస్తే ఆకుపచ్చగా ఉన్నప్పటికంటే తేటబడ్డాకే అమోనియా ఎక్కువ. ఆర్టీమియా విసర్జన అది. ఆ సరస్సులో నత్రజని ఎప్పుడూ కొరతే. కాబట్టి మేసేవాటి విసర్జనే మళ్లీ ఆల్గేకు ఎరువు. ఒట్టి ఆల్గే నుంచి పక్షి దాకా ఒక గీత గీస్తే సరిపోదు, వెనక్కి తిరిగే బాణాలు కూడా గీయాలి. థీసిస్ లో బొమ్మ మూడుసార్లు మార్చింది ఇందుకే.

తవుడు టబ్బు కథ వేరు. జల్లించిన తవుడు నీళ్లలో కలిపి రోజూ కొంచెం పోసేదాన్ని. నీళ్లు తెల్లగా మబ్బేశాయి, ఆర్టీమియా బాగానే పెరిగాయి. ఒక రాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. ఏరేటర్ ఆగింది. పొద్దున మిద్దె మెట్లెక్కుతుంటేనే కుళ్లిన కోడిగుడ్డు వాసన. సగం పైగా చచ్చి తేలాయి. అడుగున తవుడు మడ్డి నల్లబడింది. ఆక్సిజన్ అయిపోయిన చోట సల్ఫేట్ వాడుకుని బతికే బ్యాక్టీరియా పైచేయి అవుతుంది, అది వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్. సల్ఫేట్ నేను వేసిందే, మడ్డి నేను పోసిందే, కాబట్టి అక్కడికి కావలసినవన్నీ ఉన్నాయి. గ్రేట్ సాల్ట్ లేక్ అడుగున చిక్కటి ఉప్పు నీటి పొరలోనూ ఇదే జరుగుతుందట, గాలి తిరిగిన రోజు ఊర్లోకి వాసన వస్తుందట. మిగిలిన ఆర్టీమియా తర్వాత వారంలో ఎర్రబడ్డాయి. ఆక్సిజన్ తక్కువైతే అవి హీమోగ్లోబిన్ ఎక్కువ తయారు చేసుకుంటాయి. నాకు టెన్షన్, సార్ కు మాత్రం మహా సంతోషం. "ఇది రాయమ్మా, ఇదే కదా అసలు రిజల్టు" అన్నారు.

ఇక రెండో టబ్బు. మొదటి టబ్బులో నీళ్లు ఎంత ఆవిరైతే అంత క్యాన్ నీళ్లు పోసి గీత దగ్గర నిలబెట్టేదాన్ని. రెండోదాన్ని కొట్టం బయట ఎండలోకి జరిపి, నీళ్లు పోయడం ఆపేశాను. మార్చి ఎండలు మొదలయ్యాయి, అనంతపురం ఎండల గురించి నేను చెప్పేదేముంది. నీళ్లు తగ్గాయి, ఉప్పు అక్కడే ఉండిపోయింది. పన్నెండు శాతం, పదహారు, ఇరవై. ఇరవై దాటాక ఆర్టీమియా ఈత మందగించింది. ఆడవాటి సంచుల్లో పిల్లల బదులు గోధుమరంగు గుడ్లు కనబడ్డాయి. గడ్డు కాలం వస్తే అవి పిల్లల్ని కనడం మాని, ఎండినా చావని గుడ్లు పెడతాయి. అవే అన్న డబ్బాలోవి. తర్వాత పెద్దవి ఒక్కటీ మిగల్లేదు. ఆకుపచ్చ పోయి నారింజ వచ్చింది, డునాలియెల్లా ఎండకూ ఉప్పుకూ బీటా కెరోటిన్ నింపుకుంది. ఉప్పు పలుకులు కట్టే దశకు వచ్చాక నీళ్లు గులాబీ ఎరుపు.

ఆ ఎరుపు ఎక్కడిదని నేను ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మైక్రోబయాలజీ వాళ్ల దగ్గర సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ ప్లేట్లు, ఇరవై శాతం పైన ఉప్పు కలిపినవి, అడిగి తెచ్చుకున్నాను. ఒకదాని మీద టబ్బు నీళ్లు పూశాను, ఇంకోదాని మీద పాతూరు రాళ్లుప్పు కరిగించిన నీళ్లు. కొన్ని వారాలకు రెండింటి మీదా ఎర్రటి చుక్కలు లేచాయి. బాగా చిక్కటి ఉప్పులోనే బతికే హేలోఆర్కియా అనే సూక్ష్మజీవులు ఇవే, ఉప్పు పలుకుల లోపల చిక్కుకున్న నీటి బుడగల్లో బతికి వస్తాయి. స్లైడు మీద వాటికి ఒక చుక్క స్వేదన జలం తగిలిస్తే చూస్తుండగానే పగిలి మాయమయ్యాయి. ఉప్పు తగ్గితే వాటికి చావు.

నా రెండు టబ్బులే అక్కడ పెద్ద ఎత్తున ఉన్నాయి. 1959లో గ్రేట్ సాల్ట్ లేక్ మధ్యలో రాళ్లు పోసి రైలు కట్ట వేశారు. నదులన్నీ దక్షిణం వైపు కలుస్తాయి, ఉత్తరం వైపు నీళ్లు దాదాపు ఇక ఉప్పు పట్టనంత చిక్కబడ్డాయి. ఒకవైపు ఆల్గే, ఆర్టీమియా, పక్షులు. ఇంకోవైపు గులాబీ రంగు నీళ్లు, మేసేవి లేవు. ఉత్తరం వైపు కూడా సూక్ష్మజీవులు కోట్లలో ఉన్నాయి, అక్కడ లోటు వాటికి కాదు. వాటిని తిని పక్షికి అందించే జీవి ఆ ఉప్పులో నిలవలేదు, అంతే. 2022లో సరస్సు మట్టం రికార్డుల్లో లేనంత పడిపోయి, దక్షిణం వైపు కూడా ఉప్పు 18 శాతం దాకా పోయింది. మైక్రోబియలైట్ దిబ్బలు నీళ్లలోంచి బయటపడి తెల్లగా ఎండిపోయాయి, ఉప్పు ఈగలు తగ్గాయి. ఈ ఈగల దారి మాత్రం నా టబ్బుల్లో చూపించలేకపోయాను, ఆ దిబ్బలు ఒక సెమిస్టర్లో పెరిగేవి కావు.

సార్ అడిగిన దేశీ ఉదాహరణకు రెండు పెట్టాను. మహారాష్ట్రలో లోనార్ సరస్సు 2020 జూన్ లో గులాబీ రంగుకు తిరిగింది, పరీక్షిస్తే హేలోఆర్కియానే. రాజస్థాన్ సాంభర్ ఉప్పు సరస్సులో 2019 నవంబర్లో వేల పక్షులు చచ్చాయి. కారణం బొటులిజం, అదీ బ్యాక్టీరియా విషమే. చచ్చిన పక్షి మీద పురుగులు, ఆ పురుగుల్లో విషం, వాటిని తిన్న పక్షి మళ్లీ చావు. సాంభర్ ఫ్లెమింగోలకు తిండి పెట్టేదీ సూక్ష్మజీవులే కాబట్టి ఈ రెండూ పక్కపక్క పేరాల్లో రాశాను. సూక్ష్మజీవులు మేలు చేస్తాయని ఒక్క ముక్కలో ముగించడం నాకు నచ్చలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్ ఎక్కువసేపు తవుడు టబ్బు మీదే నిలబడ్డారు. "ఆర్టీమియా తవుడు తిన్నాయా, తవుడు మీద పెరిగిన బ్యాక్టీరియాను తిన్నాయా?" అన్నారు. రెండూ మేడమ్, విడదీసి చూపలేకపోయాను అన్నాను. విడదీయాలంటే ఏం చేస్తావని అడిగితే, బ్యాక్టీరియా లేకుండా ఉడికించిన తవుడు ఒక టబ్బు, మామూలుది ఒకటి పెడతానని చెప్పాను. "ఉడికించింది ఎంతసేపు శుభ్రంగా ఉంటుంది మీ మిద్దె మీద?" అని నవ్వారు. మార్కులు బాగానే వేశారు.

అంతా అయ్యాక ఉప్పు నీళ్లు ఏం చేయాలన్నది పెద్ద తలనొప్పి. మోరీలో పోయడానికి మనసొప్పలేదు, పెరట్లో పోస్తే మొక్కలు చస్తాయి, మనకున్న చౌడు చాలు. ఎండకే వదిలేసి, మిగిలిన ఉప్పు గోనెసంచిలో కట్టి పెట్టాను. రెండో టబ్బు అంచున గోధుమరంగు పొడిగా అంటుకున్న గుడ్లను బ్రష్ తో దులిపి, ఆరబెట్టి, మాత్రల సీసాలో వేసి ఫ్రిజ్ లో ఉంచాను. డబ్బా గుడ్లంత బాగా పొదగట్లేదు, సగానికి సగం కూడా రాలేదు. ఈసారి జూనియర్ ఒకమ్మాయి ఇదే టాపిక్ తీసుకుంటానంది. గుడ్లు, సెలైనిటీ మీటర్ ఇస్తానన్నాను. ఏరేటర్ కు మాత్రం బ్యాటరీ ఉన్నది కొనుక్కోమని చెప్పాను.