అంగీకారం వచ్చాక వచ్చిన బిల్లు: నా అనుభవం

వేరుశనగ తిక్క తెగులు మీద పరిశోధన పేపరు. రాయడం, పంపడం, దాన్ని పరిశీలించిన ఇద్దరు నిపుణులకు (రివ్యూయర్లకు) జవాబులివ్వడం అన్నీ కలిపి ఏడు నెలలు. అంతవరకు మామూలే.

నేను పంపిన పత్రిక అట్ట మీద ఒక శాస్త్రవేత్తల సంఘం ముద్ర ఉంది. సంఘం పత్రికకు లాభం యావ ఉండదనుకున్నా. ఏదైనా పాత సంచిక పీడీఎఫ్ తెరిచి, మొదటి పేజీ అడుగున ఉండే సన్నక్షరాల లైను చదివుంటే సరిపోయేది: ఫలానా సంఘం తరఫున ఫలానా లిమిటెడ్ ప్రచురణ. పేరు సంఘానిది, ధరలూ ఫారాలూ బిల్లులూ కంపెనీవి.

అంగీకారం వచ్చిన రెండో రోజు ఒక లింకు. అందులో రెండు దారులు. సబ్‌స్క్రిప్షన్ అయితే చదివేవాళ్లు చందా కట్టాలి, మనకు ఖర్చు లేదు, కాపీరైట్ రాసిచ్చేయాలి. ఓపెన్ యాక్సెస్ అయితే ఎవరైనా చదవొచ్చు, ఫీజు మనది. ప్రపంచ బ్యాంకు లెక్కలో మనది దిగువ మధ్య ఆదాయ దేశం, సగం రాయితీ వస్తుందిలే అని రెండోది నొక్కా. వచ్చింది పూర్తి బిల్లు: సుమారు 3,000 డాలర్లు, పైన 18 శాతం జీఎస్టీ. రాయితీ రూల్లో ఇంకో షరతుంది, జీడీపీ 20,000 కోట్ల డాలర్లు దాటిన దేశాలకు వర్తించదట. దేశం పెద్దది కాబట్టి అనంతపురంలో లెక్చరర్ జేబూ పెద్దదే!

బిల్లు తీసుకొని కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌కు పోతే అక్కడాయన కళ్లద్దాలు పైకి తోసి, "మీరే రాసి, మీరే దుడ్లిచ్చేదా సార్? పెండ్లి పత్రికా ఇది?" అన్నాడు. పక్క టేబుళ్లు నవ్వాయి. "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద సర్కారు 6,000 కోట్లు ఇచ్చింది కదా" అని ఇంకొకాయన. ఆ డబ్బు 2025 నుంచి మూడేళ్లకు, ప్రధానంగా మనం పత్రికలు చదువుకోవడానికి. రాసినవాడి ఫీజు వేరే అని నిలబడి చెప్పేసరికి నాకే నామోషీ అనిపించింది.

విరుగుడు ఒకటుంది. పేపరు ఆన్‌లైన్లో పడకముందే రచయితల సహాయ విభాగానికి మెయిల్ పెట్టి, ఆర్డర్ రద్దు చేసి సబ్‌స్క్రిప్షన్‌కు మార్చమనాలి. పేపరు నంబరు, బిల్లు నంబరు రెండూ సబ్జెక్టు లైన్లోనే రాయండి, లేకపోతే రోబో జవాబులే వస్తాయి. ఒప్పందం కొత్తగా సంతకం చేయాలి. నాకు పదకొండు రోజులు పట్టింది. పేపరు పడిపోయాక అడిగితే నా విషయంలో కుదిరేది కాదని తర్వాత చెప్పారు.

లాభాపేక్ష లేకపోతే ఫీజు ఉండదని కూడా నమ్మకండి. పరిశోధన పత్రికలు వేసే ప్లాస్ (PLOS) లాభాపేక్ష లేని సంస్థే, ఫీజు తీసుకుంటుంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2007 నుంచి స్ప్రింగర్ అనే ప్రచురణ కంపెనీతో కలిసి పత్రికలు వేస్తున్నా, పీడీఎఫ్‌లు తన సైట్లో ఉచితంగా పెట్టింది. ఇంకో మాట, ఫీజు కంటే ముందు పత్రిక పేరు ఎవరి సొత్తో చూడండి. 2015లో లింగ్వా అనే భాషాశాస్త్ర పత్రిక సంపాదకులంతా, దాన్ని వేసే ఎల్సెవియర్ కంపెనీని వదిలి గ్లోసా అనే కొత్త పత్రిక పెట్టుకున్నారు. మనుషులు వెళ్లారు, లింగ్వా అనే పేరు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

రివ్యూ అయ్యాక పంపిన చివరి వర్డ్ ఫైలు పారేయకండి. కంపెనీ డిజైన్ చేసిన పీడీఎఫ్ బయట పెట్టకూడదు కానీ, చాలా ఒప్పందాల్లో ఈ ఫైలును కొంత గడువు దాటాక బయట పెట్టుకోనిస్తారు. నా పేపరుకు గడువు పన్నెండు నెలలు, తేదీ బీరువా తలుపు మీద అంటించా.