ఎస్ అంటే ఏమీ లేదు

శుక్రవారం, రాత్రి పదకొండు.

ఇవాళ సగం రోజు సెలవు పెట్టి, పేరు సరిచేయించుకుందామని వెళ్లాను. ఏ ఆఫీసో రాయను, ఎందుకులే. గంటంబావు లైన్లో నిలబడ్డాక కౌంటర్లో ఆవిడ నా పాస్‌పోర్టూ కార్డూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇక్కడ వెంకట సత్యనారాయణ, అక్కడ ఒట్టి వెంకట. ఇద్దరూ మీరేనా?" నేనే అన్నాను. అయితే ఆ సంగతి రుజువు చేసే కాగితం ఇంకోటి తెమ్మంది.

సత్యనారాయణ అనేది అమ్మ అన్నవరం స్వామికి మొక్కుకుని పెట్టిన పేరు. పన్నెండేళ్ల క్రితం ఎవరి కంప్యూటర్లోనో గళ్లు చాలక రాలిపోయింది. అప్పటి నుంచీ కార్డుల్లో వెంకటని, టీమ్‌లో వెంకీని. ఇంట్లో సత్తిబాబుని.

తిరిగి పనికి వెళ్లబుద్ధి కాలేదు. న్యూయార్క్ ఒకటో నంబరు రైలెక్కి 116వ వీధిలో దిగి, హడ్సన్ నది వైపు నడిచి, గ్రాంట్ సమాధికి వెళ్లాను. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని గెలిపించి, తర్వాత అధ్యక్షుడైన జనరల్. ఈ నెలంతా రాత్రిళ్లు ఆయన గురించే చదువుతున్నాను. మొదలుపెట్టింది యుద్ధం కోసం. పట్టుకుని కూర్చోబెట్టింది మాత్రం పేరు గొడవ.

ఒహాయోలో 1822లో పుట్టిన ఆ పిల్లాడికి ఇంటిల్లిపాదీ చీట్లు వేసి పేరు తీశారట. చివరికి హైరమ్ యులిసిస్ గ్రాంట్ అని ఖాయం చేశారు. పదిహేడేళ్లకి వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో సీటు వచ్చింది. సిఫారసు రాసిన కాంగ్రెస్ సభ్యుడు థామస్ హేమర్‌కి కుర్రాడి పూర్తి పేరు గుర్తు లేదు. వాళ్లమ్మ పుట్టింటి పేరు సింప్సన్ కదా అని యులిసిస్ ఎస్. గ్రాంట్ అని రాసి పంపేశాడు. కుర్రాడు వెళ్లి అది నా పేరు కాదన్నాడు. కాగితం మీద ఉన్నదే పేరన్నారు. మా కౌంటర్ ఆవిడ ముత్తాత ఎవరో అప్పుడక్కడ కూర్చుని ఉంటాడు.

జాబితాలో యు.ఎస్. గ్రాంట్ అని చూసి సీనియర్లు అంకుల్ సామ్ అన్నారు, అది సామ్‌గా స్థిరపడిపోయింది. అచ్చం వెంకీ లాగే. తర్వాత కాబోయే భార్య జూలియాకి రాసిన ఉత్తరంలో, నా పేరులో ఒక ఎస్ ఉంది, దానికి అర్థమేంటో నాకే తెలీదు, నువ్వే ఏదో ఒకటి చూసిపెట్టు అని అడిగాడు. ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను.

పేరు పోతే పోయింది, బతుకు కూడా చాలాకాలం కుదరలేదు. 1854లో సైన్యం ఉద్యోగం వదిలేశాడు. సెయింట్ లూయిస్ వీధుల్లో కట్టెలు అమ్మాడు. 1857 క్రిస్మస్ ముందు బంగారు గడియారం తాకట్టు పెట్టి 22 డాలర్లు తెచ్చుకున్నాడు. అంత చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లోనే, 1859లో, తన దగ్గరున్న విలియం జోన్స్ అనే బానిసకి విడుదల పత్రం రాసిచ్చాడు. అమ్ముకుంటే ఇంటి అప్పులు తీరేవి. అమ్మలేదు. ఈయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ కాగితం వల్లే. అలాగని దేవుణ్ని చేయలేను. 1862 డిసెంబరులో తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరూ వెళ్లిపోవాలని ఆదేశం జారీ చేసిందీ ఈయనే. లింకన్ దాన్ని రద్దు చేయించాడు.

యుద్ధం అందరికీ తెలిసిందే. 1862లో ఫోర్ట్ డోనెల్సన్ కోటలోని దక్షిణాది సేనకి, షరతుల్లేకుండా లొంగిపోవాల్సిందే అని కబురు పెట్టాడు. ఇంగ్లిష్‌లో ఆ మాటకి, అన్‌కండిషనల్ సరెండర్‌కి, కూడా పొడి అక్షరాలు యు, ఎస్‌లే. పత్రికలకి పండగ, ఇంకో పేరు తగిలించారు. నోట్లో చుట్టతో ఉన్నాడని రాశారేమో, జనం వేలకొద్దీ చుట్టలు కానుకగా పంపారు. వాటిని వృథా చేయలేదాయన. ఆ లెక్క 1884లో గొంతు క్యాన్సర్ రూపంలో తేలింది.

అంతకు ముందు ఏ ఎన్నికల్లోనూ గెలిచి పదవి చేయని మనిషి, 1868లో నేరుగా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. దక్షిణాదిలో నల్లవాళ్ల మీద పడుతున్న కూ క్లక్స్ క్లాన్ ముఠాల్ని అణచడానికి 1871లో సౌత్ కరొలైనాలో తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్, అంటే పట్టుకున్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టాలనే హక్కు, నిలిపేసి సైన్యాన్ని దింపాడు. ఆ పని చేయడానికి గుండె కావాలి. కానీ యుద్ధరంగంలో గుట్టనీ వాగునీ చూడగానే చదివేసిన ఆ కన్ను, పక్కన కూర్చున్న మనిషిని చదవలేకపోయింది. విస్కీ పన్ను ఎగ్గొట్టిన ముఠాలో సొంత కార్యదర్శి పేరు బయటికొచ్చినా నమ్మలేదు.

పదవి దిగాక అదే జబ్బు. ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్రాడితో కలిసి వాల్‌స్ట్రీట్‌లో వ్యాపారం. కొత్తవాళ్ల డబ్బు తెచ్చి పాతవాళ్లకి లాభం పేరుతో ఇవ్వడం. మా మామయ్య ఒకసారి చిట్టీల్లో ఇలాగే మునిగాడు కాబట్టి నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1884 మే నెలలో కంపెనీ కూలింది. గ్రాంట్ ఇంట్లో మిగిలింది చిల్లర.

అప్పుడు కలం పట్టాడు. జూలియాకి ఏదో ఒకటి మిగల్చాలి. మార్క్ ట్వైన్ ప్రచురణ సంస్థ ఆత్మకథ వేస్తానంది. 1885 జూన్‌లో మౌంట్ మెక్‌గ్రెగర్ కొండ మీదికి తీసుకెళ్లారు. వేసవిలోనూ తలకి ఉన్ని టోపీ, మెడ చుట్టూ గుడ్డ, వరండాలో కుర్చీ, ఒళ్లో కాగితాలు. గొంతు పోయింది కాబట్టి డాక్టర్‌తో మాటలన్నీ చీటీల మీదే. ఒక చీటీలో రాశాడు, నేను సర్వనామాన్ని కాను, క్రియనేమో అని. ఉండటం, చేయడం, బాధపడటం, ఈ మూడింట్లో ఏది చెప్పినా అది క్రియే, నేను మూడూ చెబుతున్నాను అని. పుస్తకం ముగించిన కొద్ది రోజులకే, జూలై 23న పోయాడు. జూలియా చేతికొచ్చిన మొదటి చెక్కే 2,00,000 డాలర్లు.

సమాధి లోపల చల్లగా ఉంది. దాదాపు 90 వేల మంది చందాలు వేసుకుని కట్టించారు, 1897లో. గుమ్మం పైన 'మనకు శాంతి కావాలి' అన్న ఆయన మాట. మధ్యలో గుండ్రటి పిట్టగోడ ఉంది, దాని మీంచి వంగి చూస్తే కింద ఎర్ర గ్రానైట్ పెట్టెలు రెండు, ఒకటి ఆయనది, ఒకటి జూలియాది. మెట్లు దిగి దగ్గరికెళ్లాను. యులిసిస్ ఎస్. గ్రాంట్. ఆ ఎస్ పక్కన చుక్క కూడా శ్రద్ధగా చెక్కారు. నా పక్కన ఒక స్కూలు పిల్లాడు ఎస్ అంటే ఏంటి అని వాళ్ల నాన్నని అడిగాడు. ఆయన ఫోన్ తీశాడు. నేను చెప్పేవాడినే గానీ, ఊరుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారి కాఫీ టైము. "పనైందా సత్తిబాబూ?" కాలేదన్నాను, నా పదో తరగతి సర్టిఫికెట్ వెతికి ఫోటో పంపమన్నాను. బీరువాలో నాన్న పంచెల కింద దొరికిందట. ఇప్పుడే వచ్చింది. ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయింది, వెంకట అసలు లేనే లేదు, సత్యనారాయణలో 'న'కి ఎవరో మాస్టారు ఇంకో 'న' ఒత్తు తగిలించారు.

సోమవారం ఇది పట్టుకుని మళ్లీ ఆవిడ ముందు నిలబడాలి.