విశాఖ పేరు లేని విశాఖ పతకం

నావికా పతకాలలో నాకు అన్నిటికంటె మక్కువైనది, 1793 నుంచి 1840 వరకు జరిగిన పోరాటాలకుగాను బ్రిటిష్ ప్రభుత్వం 1847లో ప్రకటించిన నేవల్ జనరల్ సర్వీస్ మెడల్. వెండి పతకం మీద ఒకవైపు విక్టోరియా రాణి ముఖం, రెండోవైపు సముద్రాశ్వంపై కూర్చుని త్రిశూలం ధరించిన బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా చూపే స్త్రీమూర్తి) ఉంటాయి. తెల్లని రిబ్బనుకు నీలి అంచులు. ఏ పోరులో పాల్గొన్నారో తెలిపే వెండి పట్టీలను ఆ రిబ్బను మీద బిగిస్తారు. వాటిలో ఒకటి మా విశాఖపట్నం ఎదుట జరిగిన పోరుది.

1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా, 74 ఫిరంగుల మరెంగో అనే యుద్ధనౌకతోను రెండు ఫ్రిగేట్లతోను (అంతకంటె చిన్న యుద్ధనౌకలతోను) వచ్చి, ఇక్కడ లంగరు వేసి ఉన్న 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద దాడి చేశాడు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పటికి ఒడ్డున ఉన్నాడు. పోరు నడుస్తుండగానే పడవలో వెళ్లి ఓడ చేరుకున్నాడు. సెంచూరియన్ కాపలాలో ఉన్న వర్తక నౌకలలో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి ధ్వంసమైంది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. అయినా ఆ పట్టీ మీద ఊరి పేరు లేదు. ఓడ పేరు, దానితోపాటు సెప్టెంబరు 18 అన్న పొరపాటు తేదీ ఉన్నాయి.

ఈ పట్టీ చాలా అరుదు. పతకం ప్రకటించేనాటికి పోరు జరిగి 43 ఏళ్లు గడిచిపోయాయి. అప్పటికి బతికి ఉన్నవారు, అదీ 1851లోగా స్వయంగా దరఖాస్తు పెట్టుకున్నవారు మాత్రమే దానికి అర్హులు. చదువురాని ముసలి నావికులలో ఎందరికి ఆ కబురే చేరలేదో!

పతకం ఎవరిదో వెతకడం, గ్రహీత పేరు ముద్రించిన దాని అంచు దగ్గర మొదలవుతుంది. అధికారులకైతే హోదా కూడా ముద్రించారు గాని, సామాన్య నావికుడికి పేరు తప్ప ఓడ ఊసు ఉండదు. లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పతక గ్రహీతల జాబితాను చూసి, అక్కడి నుంచి ఆయా ఓడల హాజరు పుస్తకాలకు వెళ్లాలి. మనిషి ఓడ ఎక్కిన తేదీ, అప్పటి వయసు, పుట్టిన ఊరు, చివరికి విడుదలయ్యాడా, పారిపోయాడా, చనిపోయాడా అన్నది అన్నీ వాటిలో కనిపిస్తాయి. నా దృష్టిలో పతకానికి ప్రాణం వచ్చేది ఆ పుస్తకంలో అతని వివరాలున్న వరుస దొరికినప్పుడే. ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉంటే మాత్రం, ఎంత వెతికినా అది ఎవరిదో తేల్చలేని సందర్భాలున్నాయి.

అందుకే అంచును మెరుగుపెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పాత పేరును అరగదీసి కొత్తది చెక్కే మోసగాళ్లూ ఉన్నారు. అరగదీసినచోట వ్యాసం తగ్గుతుంది కనుక, కొనేముందు కాలిపర్ అనే కొలత పరికరంతో పతకం వ్యాసాన్ని చుట్టూ పలుచోట్ల కొలిచి చూడడం మంచిది. అనుమానాస్పదమైన పేరుతో నాలుగు పట్టీలున్న పతకం కంటె, జాబితాలో ఒకే ఒక్కడికి సరిపోయే పేరుతో ఒక్క పట్టీ ఉన్న పతకాన్నే నేను ఎంచుకుంటాను.