కిరీటం లేని రాయలు: ఒక వేషం కుట్టించిన నా అనుభవం

మా కాలేజీ పిల్లలు యువజనోత్సవాలకు శ్రీకృష్ణదేవరాయల మీద నాటిక వేస్తామన్నారు. డ్రస్సుల పని నాకప్పగించారు. అనంతపురంలో ఉండి రాయలవారి వేషం కుట్టించలేమా అని నేనూ సంతోషంగా ఒప్పుకున్నాను.

ముందు డ్రామా సామాను అద్దెకిచ్చే అంగడికి వెళ్లాను. ఎర్ర మఖమల్ కోటు, చెమ్కీలు, అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటం, భుజకీర్తులు తీసి ముందు పెట్టారు. దుర్యోధనుడికైనా రాయలకైనా అదే పెట్టె. ఇందులో అంగడివాళ్ల తప్పేమీ లేదు. పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన కళ్లకు రాజంటే అలాగే ఉండాలి, మన చారిత్రక సినిమాల్లో రాజులు కూడా చాలావరకు ఆ పెట్టెలోంచి దిగినవాళ్లే. అందుకే తెర మీది రాజు ఉత్సవ విగ్రహంలా వెలిగిపోతుంటాడు. ఆ వైభవం నాకూ ఇష్టమే. కానీ రాయలు ఊహలోంచి పుట్టిన రాజు కాదు. ఆయన ఏం కట్టుకున్నాడో కళ్లారా చూసినవాళ్లు రాసిపెట్టి పోయారు.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలను దగ్గర నుంచి చూశాడు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో చాలా విలువైన వజ్రాల హారం, తల మీద జరీ టోపీ, దాని మీద సన్నని పట్టుగుడ్డ. కాళ్లకు ఏమీ లేవు. రాజు ఉన్నచోటికి ఎవరూ చెప్పులతో రాకూడదట, రాజు కూడా ఉత్త కాళ్లతోనే ఉన్నాడు.

ఇది చదివి వినిపించగానే రాయల వేషం కట్టే అబ్బాయి మొహం చిన్నబోయింది. "కిరీటం ల్యాకుండా రాజెట్లయితాడు మేడం? చెప్పులు గూడా వద్దంటే జనం నవ్వరా?"

మాటలతో ఒప్పించడం కంటే చూపించడమే మేలనిపించింది. సెలవు రోజు చూసి పిల్లలను హిందూపురం మీదుగా లేపాక్షి తీసుకుపోయాను. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద చిత్రాలు అచ్యుతరాయల కాలానివి, అంటే రాయల తర్వాత గద్దెనెక్కిన ఆయన తమ్ముడి కాలం. తల పైకెత్తి చూస్తుంటే మెడ పట్టేసింది గానీ ఎవరూ కదల్లేదు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. తల మీద కుళ్లాయిలు, అంటే పొడుగాటి టోపీలు, ఒంటి మీద సన్నని తెల్లబట్ట. తిరుమల గుడిలో రాయల విగ్రహానికి ఉన్నదీ అలాంటి కుళ్లాయే. నిలువు కుళ్లాయి, కబాయి అనే పొడుగు చేతుల అంగీ సుల్తానుల, పారశీకుల వైపు నుంచి వచ్చిన దర్బారు ఉడుపులని చరిత్రకారులు చెప్తారు. విజయనగరం వెళ్లినప్పుడు శ్రీనాథుడంతటి కవికి కూడా కుళ్లాయి తప్పలేదని చాటువు ఉంది. నాలుగు దేశాల రాయబారులు, వర్తకులు వచ్చిపోయే కొలువులో అప్పటి పెద్ద ఫ్యాషన్ అదే!

అసలు కష్టం కుట్టేటప్పుడు మొదలైంది. పాతూరులో మాకు అలవాటైన టైలర్ మాస్టరు ఫొటోలు చూసి, "చేస్తాం మేడం, ఇది నిలబడాల గదా, అదే కష్టం" అన్నాడు. తల కొలత తీసుకుని, పైకి పోయేకొద్దీ సన్నబడే నాలుగు ముక్కలు కత్తిరించి, లోపల బిరుసుగా ఉండే బక్రం గుడ్డ వేసి కుట్టాడు. జానెడున్నర ఎత్తు. పిల్లాడు పెట్టుకుని నాలుగడుగులు నడిచేసరికి మధ్యలో మడత పడి పక్కకు ఒరిగింది. మాస్టరు దాన్ని విప్పి, బక్రం రెండు పొరలు చేసి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అంటించి మళ్లీ కుట్టాడు. అంచు లోపల స్పాంజి పట్టీ వేశాడు. అప్పుడు నిలబడింది. పైన మా అమ్మ పాత ధర్మవరం చీర కొంగు. నలభై ఏళ్ల జరీ కొంచెం నల్లబడింది కానీ, లైట్ల కింద కొత్త జరీకి లేని నిండుదనం దానికే వచ్చింది.

గులాబీలకు మగ్గం వర్క్ చేయించే స్తోమత మాకు లేదు. అదే చీరలో బుటాలు కత్తిరించి, దారాలు పోకుండా వెనక వేడికి అంటుకునే ఫ్యూజింగ్ గుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి, తెల్ల కబాయి మీద ఒక్కొక్కటే చేత్తో కుట్టాం. ఆడపిల్లలంతా హాస్టల్లో కూర్చుని కుట్టారు. హారానికి ఫ్యాన్సీ స్టోర్లో తెల్లరాళ్లది ఒక్కటే కొన్నాం. తొలకరి పడితే జనం వజ్రాలు వెతికే వజ్రకరూరు మన జిల్లాలోనే ఉంది, రాయల మెడలో రంగురాళ్లు ఎందుకు?

నాటిక రోజు నాకు టెన్షనే. చుట్టూ మిగతా జట్ల రాజులందరూ ధగధగలాడుతున్నారు. మావాడు తెల్లబట్టల్లో, ఉత్త కాళ్లతో స్టేజీ ఎక్కాడు. బరువేమీ లేదు కాబట్టి చెయ్యి ధారాళంగా ఆడింది, నడకలో ఎక్కడా తడబాటు లేదు. అయిపోయాక న్యాయనిర్ణేత ఒకాయన పిలిచి కిరీటం ఏదని అడిగాడు. వాడు నా వైపైనా చూడకుండా పేస్ దగ్గర మొదలుపెట్టి లేపాక్షి దాకా చెప్పాడు.

ఈసారి అంతఃపుర సన్నివేశం కూడా పెట్టాలని ఉంది. రాణుల పరిచారికలు కూడా పొడుగు టోపీలే పెట్టుకునేవాళ్లని, వాటి మీద పెద్ద ముత్యాలతో చేసిన పూలు ఉండేవని పేస్ రాశాడు. ఆడవాళ్లకు అలాంటి టోపీ పెట్టిన సినిమా నేనింతవరకూ చూడలేదు. మాస్టరుకు చెప్పి ఆడపిల్లల తల కొలతలు అప్పుడే పంపించాను.